గడప దగ్గర ఒక చెంచా పెరుగు

మా ఇంట్లో ఎవరు బయటికి పోయినా గడప దగ్గర ఒక చెంచా పెరుగు తిని పోవాల. కుడి అరచెయ్యి చాపి నిలబడితే అత్త గిన్నె తెచ్చి ఒక చెంచా అందులో వేస్తుంది. అది మింగి, చెయ్యి కడుక్కొని, వెనక్కి చూడకుండా నడవాల. పనికి సత్రపట్టి పోయినా అంతే, పెళ్ళికి మదురై పోయినా అంతే. అత్త మా నాయన తోడబుట్టినది. మా అవ్వ కూడా అడివి పనికి పోయే వాళ్ళకి ఇట్లనే పెట్టేదట. ఆ వాడుక అత్తతో పాటే ఈ ఇంటికి వచ్చింది, ఆమె వెనకనే నేనూ కోడలుగా వచ్చినాను.

ఆ చెంచాని మా ఇంట్లో ఎవరూ తిండి అనుకోరు. పురట్టాసి నెలలో పెరుమాళ్ళ శనివారాలు అత్త పూర్తిగా ఉపవాసం ఉంటుంది, గుడికి పోయేటప్పుడు తన చేతిలో తానే ఒక చెంచా వేసుకొంటుంది, ఉపవాసం చెడలేదనే అనుకొంటుంది. బావకి, అంటే మా ఆయనకి, షుగరు ఉంది. కొన్ని నెలలకి ఒకసారి పొద్దున్నే పరగడుపున ల్యాబుకి పోయి రక్తం ఇచ్చి వస్తాడు. ఆ దినం కాఫీ కూడా ముట్టడు. గడప దగ్గర మాత్రం చెయ్యి చాపుతాడు. ల్యాబు పిల్ల "ఏమైనా తిన్నారా అన్నా?" అని అడిగితే, "పచ్చి నీళ్ళు కూడా తాగలేదమ్మా" అని నిండు మనసుతో చెప్తాడు. పక్కన నిలబడిన నాకు అది అబద్ధమని ఒక్కసారి కూడా తోచలేదు. ఏదీ విడిచిపెట్టకుండా కూడే మనిషిని నేను. అయినా ఆ చెంచా నా కూడికలోకి ఎప్పుడూ రాలేదు.

నేను చదివింది ఎనిమిదో తరగతి దాకా, అది కూడా తమిళంలో. సత్రపట్టిలో ఆస్పత్రులకి కట్టు గుడ్డ నేసే మగ్గాల షెడ్డు ఒకటి ఉంది, అక్కడ నూలు లెక్క నాది. ఇంత గుడ్డ కావాలంటే పడుగుకి ఎంత నూలు, పేకకి ఎంత, తరుగు కింద ఎంత పోతుంది, ఇదంతా చూసి చెప్పాల. మొదట కండెలు చుట్టేదానికి పోయినాను. చూసి చూసి నాకు నేనే నేర్చుకొన్నాను. ఫోనులో లెక్కల మిషను ఉన్నా, ముందు మనసులో వేసుకొని తరవాతనే దాన్ని అడుగుతాను.

నాకు ఒక పట్టు ఉంది. లెక్కలో తేడా వస్తే విడిచిపెట్టలేను. చివరి నుంచి వెనక్కి, ఒక్కొక్క మెట్టుగా, తప్పు ఎక్కడ పుట్టిందో అక్కడికి పోయి చూసేదాకా అన్నం సయించదు. "నీకు మొగుడు ఎందుకు, ఒక తప్పు లెక్క ఇచ్చి మూల కూర్చోబెడితే చాలు" అంటాడు బావ.

పిల్లి ఆ షెడ్డులోనే దొరికింది. మిల్లు నుంచి నూలు మూటలు దించుతా ఉంటే రెండు మూటల నడమ బూడిద రంగుగా ఏదో కదిలింది. వెన్ను బూడిద, కడుపు తెలుపు, కళ్ళు ఇంకా సరిగా తెరవలేదు. తల్లి ఎక్కడ ఉందో, లారీ ఏ మిల్లు వాకిట్లో నిలిచినప్పుడు ఎక్కిందో ఎవరికి తెలుసు. అన్నం క్యారియరు సంచిలో పెట్టుకొని టౌను బస్సులో ఇంటికి తెచ్చినాను.

అత్త నెత్తి కొట్టుకొనింది. "ఏమే, పిల్లి ఎదురైతేనే జనం ఇంట్లోకి తిరిగి పోయి కూర్చొని వస్తారు. నువ్వు దాన్ని తెచ్చి ఇంట్లోనే పెట్టుకొంటావా?"

"ఇంట్లోనే ఉంటే ఎదురు ఎట్లా అవుతుంది అత్తా? ఎదురు రావాలంటే బయటి నుంచి రావాల కదా."

"నీ లెక్కలు నాకాడ వెయ్యొద్దు."

పిల్లికి ఈ గొడవ ఏమి తెలుసు. పొద్దున పెరుగు గిన్నె చప్పుడు వినిపిస్తే చాలు, పరుగెత్తి వచ్చి గడప మీద అడ్డంగా కూర్చొనేది. "నేను మంచి శకునం పెడతా ఉంటే నువ్వు చెడ్డ శకునంగా కూర్చుంటావా, ఛీ పో" అని అత్త కాలితో తోసేది. అది అటు పోయి ఇటు వచ్చేది. కొన్నాళ్ళకి తోయడం మానేసింది. ఇంకొన్నాళ్ళకి, నేనూ బావా పోయినాక, చెంచాకి అంటుకొన్న పెరుగుని దానికి నాకిస్తా ఉండేది. ఒక దినం ఏదో మరిచిపోయి వెనక్కి వస్తే నేనే చూసినాను. నన్ను చూసి అత్త చెంచా కొంగులో దాచుకొనింది.

దానికి పేరు పెట్టలేదు. అత్త "ఏమే" అని పిలిచేది. నన్ను కూడా "ఏమే" అనే పిలుస్తుంది. వంటింట్లో నుంచి "ఏమే" అని కేక వినిపిస్తే మేము ఇద్దరమూ పోయేవాళ్ళం. "పిలిచింది నిన్ను కాదు, దాన్ని" అని ఒక్కొక్కసారి నన్ను వెనక్కి పంపించేది.

రెండు ఈతలు ఈనింది. మొదటి ఈత పిల్లల్ని షెడ్డులో ఎలుకల బాధ ఉందని అడిగి తీసుకుపోయినారు. రెండో ఈత పిల్లల్ని ఎవరూ అడగలేదు. అవి పెరిగి వీధిలోకి దిగినాయి. ఒకటి మా వీధి మలుపులోనే షేర్ ఆటో కింద పడింది. అత్త పాల కోసం పోయి దాన్ని చూసి, పాలు తేకుండానే తిరిగి వచ్చి కూర్చొనింది.

ఆ దినం నేను నోటితోనే లెక్క వేసినాను. దీనికి ఈతకి ఇన్ని, అందులో ఆడవి సగం అనుకొంటే, అవి మళ్ళీ ఈనితే, రెండేళ్ళకి ఎన్ని, మూడేళ్ళకి ఎన్ని అని. బావ నవ్వి, "ఇట్లా పోతే మన ఊరికి కుక్కల పేరు పోయి పిల్లుల పేరు వస్తుంది" అన్నాడు. మాది రాజపాళయం, కుక్కలకి పేరు పడిన ఊరు. నేను నవ్వలేదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించాల అన్నాను.

అత్తకి నచ్చలేదు. "నీ లెక్కకి ఒక ప్రాణి కడుపు కోస్తావా?"

"కోయకపోతే వీధిలో పడి చస్తాయి అత్తా. నువ్వే చూసినావు కదా."

ఆమె రెండు మూడు దినాలు ఎడమొగంగా ఉండి, ఒక సాయంత్రం బియ్యంలో రాళ్ళు ఏరుతా తానే అడిగింది: "నొప్పి తెలియకుండా చేస్తారా?"

"మత్తు సూది వేస్తారు. నిద్ర పోయినట్లే ఉంటుంది."

"సరే, పోండి" అనింది.

డాక్టరమ్మ ముందే చెప్పి ఉండింది, రాత్రి నుంచి కడుపు ఖాళీగా ఉండాల అని. ఇంట్లో కాటా మీద పిల్లిని ఎత్తుకొని నిలబడి, తరవాత ఒంటిగా నిలబడి, తీసివేసి దాని బరువు కట్టినాను. ఆ రాత్రి నీళ్ళ గిన్నెని నేనే తీసి బోర్లించినాను. అత్తకి కూడా గట్టిగా చెప్పినాను. "దానికి ఏమీ పెట్టొద్దు. అన్నం వద్దు, పాలు వద్దు, చేప ముల్లు కూడా వద్దు."

"నాకు తెలియదా, ఎన్ని సార్లు చెప్తావు" అనింది.

పొద్దున ఆడి నెల గాలి, కొండ వైపు నుంచి దుమ్ము లేపుకొని వస్తా ఉండింది. గడప దగ్గర నా చెంచా నేను తిని, చెయ్యి కడుక్కొని, ఆటో పిలిచేదానికి వీధి మలుపుకి పోయినాను. బావ పిల్లిని బుట్టలో పెట్టి, పైన తువ్వాలు కట్టి, నా వెనక తీసుకొని వచ్చినాడు. ఆటోలో తువ్వాలు సందు గుండా వేలు పెట్టినాను. వేలిని వాసన చూసి, నాకి, ఊరుకొనింది. నా చేతిలో పెరుగు వాసన ఇంకా ఉంది కాబోలు అనుకొన్నాను.

ఆస్పత్రి హాలులో అన్నీ కుక్కలే. తెల్లగా, ఎముకలు లెక్క పెట్టేటట్లు, ముక్కులు గులాబీ రంగుగా. మేము బుట్ట పట్టుకొని కూర్చోగానే అన్నీ ఒక్కసారి లేచి నిలబడినాయి. పక్కన ఒక పెద్దాయన తన కుక్క గొలుసు చేతికి చుట్టుకొంటా అడిగినాడు, తమిళంలో. "బుట్టలో ఏందమ్మా, కోడా?"

"పిల్లి."

"రాజపాళయంలో ఉండి పిల్లిని పెంచే వాళ్ళు కూడా ఉన్నారా?"

బావ ఊరుకోడు కదా. "ఏం చేసేది అన్నా, మా ఇంట్లో మొరిగేదానికి ఒకరు ముందే ఉన్నారు. రెండోదానికి చోటు లేదు" అని నా వైపు గడ్డం చూపించినాడు. హాలంతా నవ్వినారు. నేను అతని తొడ గిల్లినాను. బుట్టలో నుంచి అది సన్నగా ఒక మాట అనింది. నేనూ నవ్వినాను.

డాక్టరమ్మ చిన్న వయసుది, నిదానమైన మనిషి. మాతో తమిళంలోనే మాట్లాడుతుంది. నేను చెప్పిన బరువుని విని, అయినా తన కాటాలో మళ్ళీ పెట్టి చూసి, ఆ బరువునే రాసుకొనింది. అది నాకు నచ్చింది. గుండె మీద గొట్టం పెట్టి విని, కళ్ళు చూసి, అడిగింది.

"రాత్రి నుంచి ఏమైనా తినిందా?"

"లేదు మేడం. నీళ్ళ గిన్నె కూడా నేనే తీసి పెట్టినాను."

బావ పక్కన తల ఊపినాడు.

లోపలికి తీసుకుపోయినారు. తలుపు మూసేటప్పుడు బల్ల మీద నుంచి దాని తోక కిందికి వేలాడింది, అంతే కనిపించింది. మేము హాలులో కూర్చొన్నాము. మిల్లు కూత వినిపించింది. పెద్దాయన లోపల పని చేసే ఆమె చేత కుక్కకి సూది వేయించుకొని, "బాగా అవుతుంది తల్లీ" అని చెప్పి పోయినాడు. మా తరవాత వచ్చిన వాళ్ళని బయటే కూర్చోమని లోపలి ఆమె వచ్చి చెప్పింది. ఆమె మా మొగం చూడకుండా చెప్పింది. అప్పుడే నాకు ఏదో తేడా తెలిసింది.

డాక్టరమ్మ బయటికి వచ్చినప్పుడు ఒక చేతికి గ్లౌసు ఉంది, ఇంకో చేతికి లేదు.

"లోపలికి రండమ్మా" అనింది.

బల్ల మీద అది పక్కకి పడుకొని ఉండింది. కడుపు మీద బొచ్చు తీసినచోట చర్మం లేత గులాబీగా, చిన్నగా కనిపించింది. అంత పెద్ద పిల్లి ఆ చోట అంత చిన్నది అని నాకు తెలియదు. కోత ఇంకా మొదలు కాలేదు. మత్తు ఎక్కినాక ఊపిరి నిలిచిపోయింది అనింది డాక్టరమ్మ. గాలి పంపినారంట, గుండె నొక్కినారంట, మందు వేసినారంట. మళ్ళీ రాలేదు.

నేను దాని చెవి పట్టుకొన్నాను. వెచ్చగానే ఉంది.

"ఎందుకు?" అన్నాను. నా నోట్లో నుంచి వచ్చిన మొదటి మాట అదే. ఏడుపు కాదు.

ఆమె దాచలేదు. "కొన్ని పిల్లులకి గుండెలో జబ్బు ఉంటుంది, గొట్టంతో వింటే తెలియదు. కొన్నిటికి మందు ఒంటికి పడదు. ఒక్కోసారి కడుపులో ఉన్నది గొంతులోకి వచ్చి ఊపిరికి అడ్డం పడుతుంది. నోటి దగ్గర కొంచెం నురగ ఉండింది, అది ఎట్లా అయినా వస్తుంది. కచ్చితంగా ఏమీ తినలేదు కదా?"

"తినలేదు."

"అట్లయితే ఇది అని నేను చెప్పలేను. తెలియాలంటే గవర్నమెంటు పశువుల ఆస్పత్రికి రాసి ఇస్తాను. కోసి చూసి చెప్తారు."

"రాసి ఇవ్వండి" అన్నాను. "నాకు తెలియాల."

ఆమె కాగితం తీసేదానికి పోయింది. బావ నా మోచెయ్యి పట్టుకొని హాలులోకి తెచ్చినాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏమే. వాకిట్లో అమ్మ పెట్టింది."

"ఏం పెట్టింది?"

"పెరుగు."

"నీకు పెట్టింది."

"నాకు, దానికి."

నాకు వెంటనే ఎక్కలేదు. బావ నేల చూస్తా చెప్పినాడు. "నువ్వు ఆటోకి పోయినావు కదా. అమ్మ తువ్వాలు ఎత్తింది. రోజూ అందరూ పోతా ఉంటే అది ఉత్త చెంచాని నాకేది, ఈ దినం పోయేది అదే కదా, దానికి కూడా పెడతాను అనింది. నిండుగా ఒక చెంచా. అంతా నాకేసింది."

"డాక్టరమ్మ అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు నువ్వు?"

"అది తిండా?" అన్నాడు.

ఎదురు మాటగా అనలేదు. నిజంగానే అడిగినాడు. ఆపరేషను వద్దు అన్న మనిషి, చివరికి మనసు ఒప్పుకొని, మంచిగా పోయి మంచిగా రావాల అని పెట్టిన చెంచా అది. పిల్లిని మా ఇంటి మనిషిగా ఎంచి పెట్టినది.

కోసి చూస్తే ఏం దొరుకుతుందో నేను ఆలోచించినాను. గుండెలో దొరికితే మంచిదే. గొంతులో తెల్లగా దొరికితే? ఆ మాట కాగితం మీద ఎక్కితే నేను చదవాల, బావ చదవాల, ఇంట్లో అడిగితే చెప్పాల. అత్తకి డెబ్బై దాటింది. ఆ గిన్నెని ఆమె ఇంక ఎట్లా పట్టుకొంటుంది?

లోపలికి పోయినాను. డాక్టరమ్మకి మాత్రం దాచకూడదు అనిపించింది, ఆమె కూడా రాత్రికి నిద్ర పోవాల కదా. "మేడం, మాకు తెలియకుండా ఇంట్లో పెద్దామె పొద్దున ఒక చెంచా పెరుగు పెట్టిందంట. తిండిగా కాదు, శకునంగా" అన్నాను.

ఆమె కలం ఆపింది. "ఒక చెంచా. దానివల్లనే అని చెప్పలేనమ్మా. కాదు అని కూడా చెప్పలేను."

"కోయొద్దు మేడం. ఇంటికి తీసుకుపోతాము."

"మీకు తెలియాలి అన్నారు."

"వద్దు" అన్నాను.

ఆమె తానే దాన్ని తువ్వాలులో చుట్టి బుట్టలో పెట్టింది. తోకని కూడా లోపలికి మడిచి పెట్టింది.

ఇంటికి వచ్చేసరికి అత్త అరుగు మీద కూర్చొని ఉండింది. పక్కన తన పాత చీర నాలుగు మడతలు వేసి పెట్టుకొనింది, ఆపరేషను అయిన పిల్లికి పడక. ఆటో దిగేది చూసి లేచి వచ్చింది.

"ఏమే, వచ్చినావా?" అనింది.

ఎవరిని అనిందో నాకు తెలుసు.

బావ బుట్టని అరుగు మీద పెట్టినాడు. అత్త తువ్వాలు విప్పింది. చెయ్యి దాని తల మీద పెట్టి, కడుపు మీద బొచ్చు తీసినచోట పెట్టి, తీసింది. ఏడవలేదు. నా వైపు తిరిగింది.

"తేలిందా నీ లెక్క? ఇంక ఈనదు. పిల్లలు పుట్టవు. వీధిలో ఏదీ చావదు. సున్నా. సరిపోయిందా?"

నేను నిలబడే ఉన్నాను. పక్కింటి వాళ్ళు వాకిట్లోకి వచ్చినారు. అత్త వాళ్ళకి కూడా వినపడేటట్లు అనింది: "వద్దు వద్దు అని చెప్పినాను. కడుపు కోయొద్దు అని చెప్పినాను. ముసలిదాని మాట ఎవరు వింటారు? చదువు రాకపోయినా లెక్క వచ్చు కదా మహారాణికి. లెక్క వేసి చంపేసింది."

నా నోట్లో ఒక మాట ఉంది. చిన్న మాట. అది చెప్తే ఈ మాటలన్నీ అక్కడికక్కడే నిలిచిపోతాయి. బావ చెప్పేదానికి ముందుకి వచ్చినాడు. "అమ్మా, ఊరుకో. పొద్దున నువ్వే కదా..."

"బావా" అన్నాను. "గడ్డపార ఎక్కడ పెట్టినావు?"

అతను నన్ను చూసినాడు.

"గాలి ఎక్కువ కాకముందే తవ్వాల. పో, తీసుకొని రా."

పోయినాడు.

పెరట్లో కరేపాకు చెట్టు దగ్గర తవ్వినాడు. నేను బీరువాలో నుంచి కట్టు గుడ్డ తెచ్చినాను, షెడ్డులో మగ్గం దించినప్పుడు చివర మిగిలిన ముక్క, తెల్లగా చలువ చేసినది. అంత పలచని గుడ్డలో చుట్టితే రంగు కనిపిస్తుంది. అందుకని మళ్ళీ మళ్ళీ చుట్టినాను, బూడిద రంగు కనిపించకుండా పోయేదాకా. అత్త పాల గ్లాసు తెచ్చి మట్టి మీద పోసి, నాతో మాట్లాడకుండా లోపలికి పోయింది.

ఆ తరవాతి దినం గడప దగ్గరికి గిన్నె రాలేదు. నేను చెయ్యి చాపి ఒక నిమిషం నిలబడి, దించుకొని బస్సుకి పోయినాను. ఆ మరుసటి దినం చెయ్యి చాపలేదు. బావ కూడా అడగలేదు.

మగ్గాల మోతలో కూర్చొని నేను నా పాత పనే చేసినాను. చివరి నుంచి వెనక్కి పోయినాను. ఊపిరి, మత్తు, బల్ల, కాటా, ఆటో, బుట్ట, గడప. గడప దగ్గర నిలవలేదు, ఇంకా వెనక్కి పోయినాను: నా నోటి లెక్క, వీధిలో చచ్చిన కూన, నూలు మూటలు. ఎన్ని సార్లు పోయినా అదే. గుండె, మందు, పెరుగు, మూడూ తెలియనివే. మూడూ కలిస్తే వచ్చిన మొత్తం ఒక్కటే తెలుసు. అట్లాంటి లెక్క తేలదు. తేల్చేదానికి ఒక దారి ఉండింది, దాన్ని నేనే మూసి వచ్చినాను. అన్నం మాత్రం సయించలేదు.

అత్త మాట్లాడకుండా వండి పెడుతుంది, నేను మాట్లాడకుండా తింటాను. ఒక ఆదివారం మధ్యాహ్నం వంటింట్లో నుంచి "ఏమే" అని కేక వినిపించింది. అంతలో ఆమె గొంతు ఆగిపోయింది. నేను పోయినాను. ఆమె పొయ్యి వైపు తిరిగి, చేతిలో చేప తలకాయ పట్టుకొని నిలబడి ఉంది.

"నిన్నే పిలిచినాను" అనింది.

"తెలుసు అత్తా."

"ఇది ఎవరికి వెయ్యాల ఇంక?"

నేను తీసుకొని చెత్తలో వేసినాను. ఆమె అప్పుడు ఏడ్చింది, కొంగు నోటికి పెట్టుకొని. నేను వీపు మీద చెయ్యి వేస్తే విదిలించుకోలేదు.

బావకి మళ్ళీ రక్తం ఇచ్చే దినం వచ్చింది. పొద్దున కాఫీ లేకుండా చొక్కా వేసుకొని బయలుదేరినాడు. నేను షెడ్డుకి పోయే దారిలో ల్యాబు దాకా తోడు పోయేటట్లు చెప్పుల్లో కాలు పెట్టినాను. అప్పుడు అత్త వచ్చింది, గిన్నె పట్టుకొని. ఆ దినం నుంచి అదే మొదటిసారి.

బావ చెయ్యి చాపినాడు. చెంచా పెరుగులో మునిగింది. పైకి రాలేదు.

"ఏరా, పరగడుపున రమ్మన్నారు కదా?"

"అవునమ్మా."

"పరగడుపు అంటే..." అని ఆగింది. కొడుకుని కాదు, నన్ను అడిగింది. "ఏమే, నువ్వు చెప్పు. కడుపు ఖాళీగా ఉండాల అంటే, ఇది కూడా వద్దు అనా?"

అడిగింది బావ రక్తం గురించే. చూపు మాత్రం వాకిలి పక్కన నేను బోర్లించి పెట్టిన నీళ్ళ గిన్నె మీద ఉంది. దాన్ని మేము ఎవరమూ తీయలేదు. అన్ని దినాలు నాతో మాట్లాడకుండా ఆమె కూడా వెనక్కి నడుస్తానే ఉండిందేమో, మెట్టు మెట్టుగా, చదువు లేకుండా, లెక్క లేకుండా, గడప దాకా.



"ఇది ఆ లెక్కలో చేరదు అత్తా" అన్నాను. "ఒక చెంచా. ఇది తిండి కాదు."

"నిజంగా చెప్తా ఉండావా?"

"నేను ఎప్పుడైనా తప్పు లెక్క చెప్పినానా?"

నన్ను చాలాసేపు చూసింది. నమ్మిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. బావ అరచెయ్యి ఇంకొంచెం పైకి ఎత్తినాడు. "వెయ్యమ్మా, ల్యాబులో జనం చేరిపోతారు."

చెంచా పైకి వచ్చింది. బావ చేతిలో వేసింది. తరవాత నా చేతిలో. పుల్లగా, చల్లగా ఉంది. మింగినాను. చెయ్యి కడుక్కొని, వెనక్కి చూడకుండా ఇద్దరమూ నడిచినాము.

ల్యాబు పిల్ల మామూలుగానే అడిగింది. "ఏమైనా తిన్నారా అన్నా?"

బావ ఈసారి వెంటనే చెప్పలేదు. నన్ను చూసినాడు.

"లేదమ్మా" అన్నాను నేను.

మధ్యాహ్నం షెడ్డులో ఉన్నప్పుడు ఫోను చేసినాడు. అంకె చెప్పినాడు. పోయినసారి కంటే ఎక్కువ ఉంది. పెళ్ళిళ్ళలో దాచి తిన్న లడ్డులకే అది సరిపోతుంది, ఒక చెంచా పెరుగుకి అంత రాదు, అది నాకు తెలుసు. కానీ ఆ అంకెలో ఆ చెంచా కూడా ఉంది, ఎంతో నాకు తెలియదు.

"ఏమే, ఇంకో దినం ఏమీ తినకుండా పోయి మళ్ళీ ఇద్దామా?" అన్నాడు. "అమ్మకి తెలియకుండా. సరిగా తెలిసిపోతుంది."

మిల్లు లారీ వచ్చి నిలిచింది. మూటలు దించుతా ఉన్నారు.

"వద్దు బావా" అన్నాను. "అట్లనే ఉండనీ."